బయటి నుంచి చీల్చిందా, లోపలికి దూరి తినేసిందా?

2025 జూలై 2న ఫెర్మి ఉపగ్రహం ఆకాశంలో ఒకే దిక్కు నుంచి గామా కిరణాల మెరుపులను గంటల తేడాతో పదేపదే పట్టుకుంది. ఇలాంటి విస్ఫోటనాలు మామూలుగా సెకన్లలోనో నిమిషాల్లోనో ముగిసిపోతాయి. ఇది ఏడు గంటలకు పైగా సాగింది. జీఆర్‌బీ (గామా కిరణ విస్ఫోటనం) 250702బీ అని పేరు పెట్టారు. ఒక నక్షత్రం కృష్ణబిలానికి బలైందన్న వైపే ఎక్కువమంది మొగ్గు. బలైన తీరు మీదే తగవంతా.

ఈ తగవు ఇంత గట్టిగా సాగడానికి కారణం 2011లో ఉంది.

ఆ ఏడాది మార్చి 28న స్విఫ్ట్ ఉపగ్రహానికి డ్రాకో నక్షత్ర మండలం వైపు నుంచి ఒక మెరుపు తగిలింది. అలవాటు ప్రకారం గామా విస్ఫోటనాల జాబితాలో జీఆర్‌బీ 110328ఏ అని రాసుకున్నారు. కానీ అది ఆరిపోలేదు. రెండు రోజుల్లో అదే చోటి నుంచి మళ్లీ మళ్లీ మెరిసింది. రోజులు గడుస్తున్నా ఎక్స్‌రేలు ఎగసిపడుతూనే ఉన్నాయి. విస్ఫోటనంలో నక్షత్రం ఒక్కసారే చస్తుంది. అలాంటప్పుడు మళ్లీ మళ్లీ మెరుస్తున్నది ఏది?

జవాబు హబుల్ తీసిన చిత్రంలో దొరికింది. దాదాపు 390 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఒక చిన్న గెలాక్సీ, దాని సరిగ్గా నడిబొడ్డున ఆ వెలుగు. రేడియో టెలిస్కోపులూ ఆ చోటునే చూపించాయి. గెలాక్సీ నడిబొడ్డు భారీ కృష్ణబిలం కాపురముండే చోటు. దగ్గరికి వచ్చిన నక్షత్రాన్ని అది చీల్చేసిందనీ, ఆ శిథిలాల నుంచి పుట్టిన జెట్, అంటే మహావేగంతో దూసుకొచ్చే సన్నని ధార, మన వైపే గురిపెట్టి ఉందనీ ఖగోళ శాస్త్రవేత్త జాషువా బ్లూమ్ బృందం వాదించింది. ఆండ్రూ లెవాన్ బృందం పరిశీలనలూ అటే నడిచాయి. పాత పేరు చెరిగి స్విఫ్ట్ జే1644+57 మిగిలింది. ఆ జెట్ 2012 ఆగస్టులో, దాదాపు 500 రోజులకు, ఉన్నట్టుండి ఆగిపోయింది.

నా దృష్టిలో అసలు మలుపు ఇదే. ఎంతసేపు మెరిసిందన్నది అనుమానం రేపింది, ఎక్కడ మెరిసిందన్నది తీర్పు చెప్పింది.

2025లో అదే లెవాన్ మరో బృందంతో మళ్లీ రంగంలోకి దిగారు. మెరుపు పాలపుంత పట్టీకి దగ్గరగా కనిపించడంతో, అది మన గెలాక్సీలోదే కావచ్చని మొదట అనుకున్నారు. చిలీలోని వీఎల్‌టీ టెలిస్కోపుతో పరారుణ కాంతిలో చూస్తే వెనుక వేరే గెలాక్సీ బయటపడింది. జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు దాని దూరం తేల్చింది: దాదాపు 800 కోట్ల ఏళ్ల కిందట బయల్దేరిన వెలుగు అది. అయితే మెరుపు గెలాక్సీ నడిబొడ్డున లేదు, ఎడంగా ఉంది. 2011లో తీర్పు చెప్పిన సాక్షి ఈసారి ఎదురు తిరిగింది.

అయినా చీలిక వాదం కూలిపోలేదు. గామా మెరుపులకు ఒక రోజు ముందే చైనా ఉపగ్రహం ఐన్‌స్టైన్ ప్రోబ్ అదే చోట ఎక్స్‌రేలు చూసింది. మామూలు విస్ఫోటనంలో ఎక్స్‌రే వెలుగు గామా మెరుపును వెన్నంటి వస్తుంది. ఇక్కడ ముందే వచ్చింది. కృష్ణబిలం మధ్యస్థాయిది (నక్షత్రమంత చిన్నదీ కాదు, గెలాక్సీ నడిబొడ్డున ఉండేంత భారీదీ కాదు), చీలింది శ్వేత కుబ్జ తార, అంటే సూర్యుడి లాంటి నక్షత్రం చచ్చాక మిగిలే గట్టి పిండం అని ఐన్‌స్టైన్ ప్రోబ్ బృందం వాదన. ఇందులో బలమైన లెక్క ఉంది. సూర్యుడి లాంటి నక్షత్రాన్ని దాదాపు 10 కోట్ల సూర్యుల బరువున్న కృష్ణబిలం దాకా చీల్చగలదు, అంతకు మించితే చీల్చకుండానే మింగేస్తుంది. శ్వేత కుబ్జం మరీ గట్టి పిండం. దాన్ని చీల్చాలంటే కృష్ణబిలం బరువు సుమారు లక్ష సూర్యుల లోపే ఉండాలి. అలాంటిది గెలాక్సీ అంచున తిరుగుతూ ఉండవచ్చు. లెవాన్ బృందం మాత్రం ఇదీ కావచ్చు, భారీ నక్షత్రం తనంత తానే కుప్పకూలిన అరుదైన విస్ఫోటనమూ కావచ్చు అని రెండు దారులూ తెరిచే ఉంచింది.

ఎలైజా నైట్స్ బృందానిది వేరే మాట. పెద్ద కృష్ణబిలం వెలుగు అంత త్వరగా మారదు, ఇక్కడ మెరుపు తీవ్రత సెకను పాటి వ్యవధిలో మారింది కాబట్టి కృష్ణబిలం చిన్నదే, నక్షత్రమంత బరువుదే అంటారు. అది పైపొరలు పోయిన హీలియం తోడు తారలోకి దిగి, లోపలి నుంచి తినేసిందట.

అలా జరిగితే సూపర్‌నోవా, అంటే నక్షత్రం పేలిన వెలుగు, కనిపించవచ్చు. జేమ్స్ వెబ్ చూపుకు స్పష్టమైన జాడ దొరకలేదు. కానీ ఆ గెలాక్సీ నిండా ధూళి. వెలుగును అది ఎంత మింగిందో తేలేదాకా, ఆ ఖాళీ ఎవరి పక్షాన సాక్ష్యమో చెప్పలేరు.