'పెర్రో' ఎక్కడి నుంచి వచ్చింది?

కుక్కను లాటిన్‌లో కానిస్ అనేవారు. ఆ మాటే ఇటాలియన్‌లో కానె అయింది, ఫ్రెంచ్‌లో షియెన్ అయింది. స్పానిష్‌లోనూ 'కాన్' ఉండేది. కానీ ఇవాళ స్పెయిన్‌లో ఏ వీధిలో అడిగినా కుక్కంటే 'పెర్రో'యే. ఈ మాటకు లాటిన్‌లో మూలం లేదు. స్పెయిన్‌లో శతాబ్దాల పాటు వినిపించిన అరబ్బీలో చూద్దామా అంటే, అక్కడ కుక్క 'కల్బ్'. పక్కనే ఉన్న బాస్క్ భాషలో 'చకుర్'. దేనితోనూ పోలిక కుదరదు.

రాతల్లో పెర్రో 12వ శతాబ్దంలోనే కనిపిస్తుంది. అప్పట్లో కాన్ పెద్దమనుషుల మాట, పెర్రో మామూలు జనం మాట, కాస్త తిట్టు లాంటిది కూడా. స్పానిష్ పదాల పుట్టుకను జీవితమంతా వెతికిన భాషావేత్త జువాన్ కొరొమినెస్ ఒక ఊహ చెప్పాడు: మందను కదిలించమని కాపరులు కుక్కను 'ప్ర్ర్ర్' అని ఉసిగొల్పుతారు, ఆ అరుపే పేరుగా నిలిచి ఉండవచ్చని. రుజువు లేదు. అయినా నాకు ఇదే నమ్మబుద్ధవుతుంది. పెర్రోలోని 'ర్ర' పలకాలంటే నాలుక కొస మన 'గొర్రె'లో లాగే గట్టిగా అదరాలి. అదరకపోతే అది 'పెరో' అయిపోతుంది, అంటే 'కానీ' అని అర్థం. స్పానిష్ నేర్చుకునే కొత్తవాళ్లకు ఇక్కడే టెన్షన్.

చివరికి జనం మాటే నెగ్గింది. కాన్ ఇప్పుడు కవిత్వంలోనూ, 'కాన్ మయోర్' లాంటి నక్షత్రరాశి పేర్లలోనూ మిగిలింది. వాడుకంతా పెర్రోదే. అనుభవంతో ఆరితేరి, ఎవరికీ సులువుగా మోసపోనివాడు 'పెర్రో వియెహో', అంటే ముసలి కుక్క. వాన, గాలి కలిసి బయట అడుగు పెట్టనివ్వకపోతే అది 'కుక్కల వాతావరణం'. మొరిగే కుక్క కరవదని మనం అన్నట్టే వాళ్లూ అంటారు.

అన్నిటికన్నా నాకు ఇష్టమైనది నాణేల కథ. 1870లో స్పెయిన్ కొత్త రాగి నాణేలు తెచ్చింది. వాటి మీద దేశ చిహ్నమున్న డాలును పట్టుకుని వెనక కాళ్ల మీద నిలబడ్డ సింహం బొమ్మ ఉండేది. జనానికి అందులో సింహం కనపడలేదు, కుక్క కనపడింది. 10 సెంతిమోల నాణేన్ని 'పెర్రా గోర్దా' అన్నారు, అంటే లావు ఆడకుక్క. 5 సెంతిమోలది 'పెర్రా చీకా', చిన్న ఆడకుక్క. ఆ నాణేలు ఎప్పుడో చెల్లకుండా పోయాయి గానీ, డబ్బులను 'పెర్రాస్' అనడం మాత్రం పోలేదు. ఎదుటివాడితో వాదించి విసిగిపోయినప్పుడు 'సరే, ఆ పెర్రా గోర్దా నువ్వే ఉంచుకో' అని మాట తెంచేస్తారు.