ఏడాది ఫీజు ఒకేసారి కడితే లాభమా? జిమ్ కౌంటర్ దగ్గర అపోహలు - వాస్తవాలు

మొన్న సోమవారం పొద్దున్నే ఐదింటికి షట్టర్ ఎత్తేసరికి మెట్ల మీద ఒక మేడం కూర్చొని ఉన్నారు. వేదాయపాళెం నుంచి వచ్చారు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన రసీదు. మాది కాదు, ఊళ్లోనే ఇంకో జిమ్‌ది. "నెలకు ఎంతో కనుక్కుందామని పోయినాను అన్నా. బయటికొచ్చేసరికి పద్నాలుగు వేలు కట్టేసి ఉన్నాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఇది వెనక్కి వస్తుందా?" అని అడిగారు. రసీదు మీద తేదీ శనివారం. ఆ రెండు రాత్రులూ ఆవిడకు నిద్ర లేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

ఇలాంటి రసీదులు నెలకు రెండు మూడైనా నా దగ్గరికి వస్తాయి. నెల్లూరులో పదకొండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మొదటి నాలుగేళ్లు ఒక పెద్ద జిమ్‌లో కౌంటర్ దగ్గరే కూర్చున్నాను. ఆ తర్వాత ట్రైనర్‌నయ్యాను, ఇప్పుడు చిన్న జిమ్ నడుపుతున్నాను. కౌంటర్‌కు అవతల కూర్చున్న పిల్లల మీద నాకు కోపం లేదు. వాళ్లకు నెల టార్గెట్ ఉంటుంది, అది కొడితేనే ఇన్సెంటివ్. కానీ వాళ్లు చెప్పే మాటలు ఊళ్లో జనం నోట నిజాలుగా తిరుగుతున్నాయి. అవి విని డబ్బు పోగొట్టుకునేవాళ్లను చూస్తూ ఊరుకోలేక రాస్తున్నాను.

అపోహ: ఏడాదికి ఒకేసారి కడితే చవక. డబ్బు పోతుందన్న భయంతోనైనా రోజూ వెళ్తాం.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే.

కౌంటర్ మీద జరిగేది చెప్తాను. నెలకైతే 1,500. అబ్బాయి కాగితం మీద 18,000 రాసి, దాని మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టి, కింద 9,999 అని రాసి చుట్టూ సున్నా చుడతాడు. కాలిక్యులేటర్‌లో 12తో భాగించి మీ వైపు తిప్పుతాడు. 833. "నెలకు ఎనిమిది వందల చిల్లరే మేడం. రోజుకు చూసుకుంటే రెండు టీల ఖర్చు." మీరు ఆ 833 వైపే చూస్తూ ఉంటారు. కాగితం మీద ఉన్న 9,999 అప్పటికే కంటికి ఆనదు.

భాగహారంలో తప్పు లేదు. భాగించిన సంఖ్య తప్పు. 12తో కాదు, మీరు నిజంగా వెళ్లే నెలలతో భాగించాలి. రెండు నెలలు వెళ్లి మానేస్తే నెలకు ఐదు వేలు పడినట్టు. అదే నెలనెలా కట్టి ఉంటే మూడు వేలతో పోయేది. ఈ రేట్ల ప్రకారం ఏడో నెల కూడా మానకుండా వెళ్లినవాళ్లకే ఏడాది ప్యాకేజీ కలిసొస్తుంది.

ఏడో నెల దాకా ఎంతమంది వెళ్తారు? నేను కౌంటర్‌లో ఉన్నప్పుడు హాజరు రిజిస్టర్ నా చేతిలోనే ఉండేది. జనవరి మొదటి వారంలో సంతకాలకు పేజీ చాలేది కాదు, ట్రెడ్‌మిల్ కోసం జనం నిలబడేవాళ్లు. సంక్రాంతికి ఊళ్లకు వెళ్లినవాళ్లలో కొందరు ఇక తిరిగి రారు. శివరాత్రి దాటేసరికి సగం పేజీ. మన ఎండలు ముదిరి రోహిణి కార్తె వచ్చేసరికి పాతకాపులు పది పదిహేను మంది మిగిలేవాళ్లు. నాలుగేళ్లూ అదే వరస.

ఇది మన ఊరి జబ్బు మాత్రమే కాదు. అమెరికాలో ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు మూడు హెల్త్ క్లబ్బుల సభ్యుల హాజరును మూడేళ్ల పాటు లెక్కగట్టి 2006లో ప్రచురించారు. నెలకు 70 డాలర్లకు పైగా కట్టినవాళ్లు సగటున నెలకు నాలుగైదు సార్లే వెళ్లారు. అంటే ఒక్కోసారికి 17 డాలర్లకు పైనే పడింది. అదే క్లబ్బులో పదిసార్ల పాస్ కొనుక్కుంటే ఒక్కోసారికి 10 డాలర్లే. వాళ్లు డబ్బున్నవాళ్లు, తట్టుకున్నారు. పద్నాలుగు వేలు మన ఇళ్లలో పిల్లల స్కూలు ఫీజులో ఒక టర్మ్.

ఇక "డబ్బు కడితే ఆ భయంతోనైనా వెళ్తాను" అనే మాట. కౌంటర్ దగ్గర నేను ఎక్కువగా విన్న మాట ఇదే. మేము దాన్ని పట్టుకొని వెంటనే, "కరెక్ట్ సార్, అందుకే ఏడాదికి కట్టేయండి" అనేవాళ్లం. కట్టిన డబ్బు బాధ మొదటి నెల గట్టిగానే ఉంటుంది. రెండో నెలకు తగ్గుతుంది. మూడో నెలకు అది పాత ఖర్చు, మనసులో ఉండదు. ప్రతి నెలా ఐదో తారీఖున జేబులోంచి 1,500 తీసేవాడికే "కడుతున్నానే, వెళ్తున్నానా?" అనే ప్రశ్న ప్రతి నెలా వస్తుంది. భయం పని చేయాలంటే నెలనెలా కట్టడమే మేలు.

ఒకాయన సంగతి ఇప్పటికీ నన్ను వదలదు. ఇందుకూరుపేట వైపు నుంచి వచ్చేవారు, రొయ్యల గుంటలున్నాయి. నలభై దాటిన మనిషి, షుగర్ మొదలైందని డాక్టర్ వ్యాయామం చెయ్యమన్నారు. ఏడాది ఫీజు నా చేత్తోనే కట్టించాను. రెండు నెలలు ఠంచనుగా వచ్చారు. తర్వాత గుంటలో రొయ్య కాస్త నలతగా ఉందని రాత్రుళ్లు నీటికి గాలి పట్టించే ఏరియేటర్ల దగ్గరే పడుకోవడం మొదలుపెట్టారు. ఆ తర్వాత రొయ్యల పట్టుబడి, మళ్లీ కొత్త పంట. తొమ్మిదో నెలలో ఒకరోజు వచ్చి, "నేనెట్టాగూ రాలేకపోతున్నాను, మిగిలిన మూడు నెలలూ మా తమ్ముడికి మార్చు అబ్బయ్యా" అన్నారు. ట్రాన్స్‌ఫర్‌కు 2,000 కట్టాలని రూలు. ఆ రూలు ఫారం వెనకాల చిన్న అక్షరాల్లో ఉంది, చేరేటప్పుడు నేను చెప్పలేదు. ఆ రోజు చెప్పాను. ఆయన నన్నేమీ అనలేదు. "సర్లే" అని చెప్పులేసుకొని మెట్లు దిగిపోయారు.

గుంటలున్న మనిషికి పంట మధ్యలో జిమ్‌కు వచ్చే తీరిక ఉండదని నాకు ముందే తెలుసు. చేరేటప్పుడు ఒక్క మాట అడిగి ఉంటే మూడు నెలలకే కట్టించేవాణ్ణి. ఆ తర్వాత ఏడాది ప్యాకేజీ అమ్మడం నావల్ల కాలేదు. ఆ ఉద్యోగం మానేయడానికి అదీ ఒక కారణం.

అందుకే ఎవరడిగినా నేను చెప్పేది ఇదే. మొదట్లో నెలనెలా కట్టండి. గోడ మీది క్యాలెండర్‌లో వెళ్లిన రోజు టిక్కు పెట్టండి. వరసగా మూడు నెలలు, నెలకు పన్నెండు టిక్కులు తగ్గకుండా ఉంటే అప్పుడు మూడు నెలల ప్యాకేజీ, ఆ తర్వాతే ఏడాది. ముందు నెలల్లో నెలకు అదనంగా పోయే ఆరేడు వందలను నష్టం అనుకోకండి.

అపోహ: ఈ రోజుతో ఆఫర్ ఆఖరు.

ఆఫర్ ఆఖరు కాదు, ఆ అబ్బాయి టార్గెట్‌కు తారీఖు ఆఖరు. సంక్రాంతి ఆఫర్ పోతే ఉగాది ఆఫర్, అది పోతే వేసవి ఆఫర్, తర్వాత దసరా, తర్వాత కొత్త సంవత్సరం. నెలాఖరు మూడు రోజుల్లో వెళ్తే అడగకుండానే రేటు తగ్గుతుంది.

"మేనేజర్‌తో మాట్లాడి వస్తాను సార్, మీకోసం ట్రై చేస్తాను" అని అద్దాల గదిలోకి వెళ్తారు చూశారా? నేనూ వెళ్లేవాణ్ణి. చాలాసార్లు లోపల మేనేజర్ ఉండేవాడు కాదు. రెండు నిమిషాలు ఫోన్ చూసుకొని బయటికొచ్చి, "ఒప్పించాను సార్, వెయ్యి తగ్గించారు" అనేవాణ్ణి. ఆ వెయ్యి మొదటి నుంచీ తగ్గించడానికే ఉంచిన వెయ్యి. మనకోసం ఒకడు కష్టపడ్డాడు కదా అనే మొహమాటానికి వాళ్లు అప్పటికప్పుడు కట్టేసేవాళ్లు. మనవాళ్లకు మొహమాటం ఎక్కువ. అక్కడ దానికి రేటు కడతారు.

యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో "ఇంకా పది నిమిషాలే" అని గడియారం తిప్పుతూ ఉంటే, అలాంటి లేనిపోని తొందర పెట్టడాన్ని కేంద్రం 2023 నవంబరు 30న ఇచ్చిన మార్గదర్శకాల్లో డార్క్ ప్యాటర్న్‌గా, అంటే కొనేవాళ్లను బోల్తా కొట్టించే ఎత్తుగడగా చేర్చింది. కౌంటర్ దగ్గరైతే ఒక్క మాట చాలు: "ఈ రేటు కాగితం మీద రాసి తారీఖు వెయ్యండి, ఇంట్లో అడిగి రేపు చెప్తాను." రేటు నిజమైతే రాసిస్తారు. ఇంట్లో అడగడం నామోషీ కాదు. "ఇంత చిన్నదానికి కూడా సార్‌ని అడగాలా మేడం?" అని ఎవరైనా అంటే వెంటనే లేచి వచ్చేయండి. వెళ్లేటప్పుడు ఏటీఎం కార్డు ఇంట్లో పెట్టి వెళ్లమని, ఫోన్‌పే పిన్ కొట్టే పని ఆ రోజు పెట్టుకోవద్దని నేను చాలామందికి చెప్తుంటాను. మీరు వ్యాయామం చెయ్యాలనుకున్న వేళకే వెళ్లి చూడండి. మధ్యాహ్నం మూడింటికి ఏ జిమ్మైనా ఖాళీగా, చల్లగానే ఉంటుంది.

అపోహ: నో కాస్ట్ ఈఎంఐ అంటే జిమ్‌కు నెలనెలా కట్టడమే కదా.

కాదు. అది మీ పేరు మీద అప్పు. జిమ్‌కు డబ్బు మొదటి రోజే ఫైనాన్స్ కంపెనీ నుంచి వెళ్లిపోతుంది, మీరు బాకీ పడేది ఆ కంపెనీకి. కావలి నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న ఒక తమ్ముడు ఇలాగే చేరాడు. ఐదో నెలలో ఆ జిమ్ మూతపడింది. ఈఎంఐ మాత్రం ఆగలేదు. కట్టడం మానేస్తే సిబిల్ స్కోరు దెబ్బతింటుందని ఎవరో చెప్తే టెన్షన్‌తో నా దగ్గరికొచ్చాడు. స్కోరు విషయం నిజమే. కాబట్టి ఫిర్యాదు చేస్తూనే వాయిదాలు కట్టక తప్పలేదు.

ఫోన్‌లో ఓటీపీ అడిగారంటే ఆగి, ఇది ఎవరి అప్పు, మొత్తం ఎంత అని అడగండి. అన్ని ఖర్చులూ కలిపి చూపించే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వడం అప్పు ఇచ్చేవాళ్ల బాధ్యత. ఇలాంటి డిజిటల్ అప్పు తీసుకున్నాక కనీసం ఒక రోజు లోపు, అసలూ ఆ రోజుల వడ్డీ కట్టేసి జరిమానా లేకుండా వెనక్కి తగ్గే అవకాశం రిజర్వ్ బ్యాంక్ నిబంధనల్లో ఉంది. ప్రాసెసింగ్ ఫీజు పట్టుకుంటే పట్టుకోవచ్చు. ఒక రోజంటే చాలా తక్కువ, అందుకే రాత్రికి రాత్రే ఆలోచించుకోవాలి.

అపోహ: జిమ్‌లో కొవ్వు శాతం చూపించే మిషన్ ఎక్కితే మన ఒంట్లో జబ్బులన్నీ తెలుస్తాయి.

ఆ ప్రింటవుట్‌లో ఎర్ర అంకెలు చూసి ఏడ్చినవాళ్లను చూశాను. ఆ మిషన్ ఒంట్లోకి చిన్న కరెంటు పంపి, నీటి శాతాన్ని బట్టి కొవ్వును అంచనా వేస్తుంది. తిని ఎక్కినా, చెమట పట్టాక ఎక్కినా అంకెలు మారతాయి. జబ్బు తేల్చాల్సింది డాక్టరు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు అసలు ఎక్కకూడదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పర్సనల్ ట్రైనింగ్ తీసుకోకపోతే నడుం పట్టేస్తుందన్నది బెదిరింపు. మామూలు ఫీజులోనే ఫ్లోర్ ట్రైనర్ మీకు పద్ధతి నేర్పాలి. జిమ్ మానేస్తే కండ కొవ్వుగా మారుతుందన్నది అబద్ధం. కండ, కొవ్వు వేర్వేరు, ఒకటి ఇంకోటి కాదు. జిమ్ లేకపోతే ఆరోగ్యమే లేదన్నదీ అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్లకు చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, రెండు రోజులు కండరాలకు పని. మన ఊరి వీఆర్సీ గ్రౌండ్‌లో చురుగ్గా నడిచినా మొదటిది తీరుతుంది. జీఎస్టీ 18 శాతం అని ఎవరైనా అంటే, 2025 సెప్టెంబరు 22 నుంచి జిమ్‌లకు అది 5 శాతమే. బిల్లు మీద జీఎస్టీ నంబరు లేకపోతే ఆ 5 కూడా అడగకూడదు.

అపోహ: నాన్ రిఫండబుల్ అని రాసుంటే ఇక చేసేదేమీ లేదు.

మనసు మారిందంటే డబ్బు వెనక్కి ఇచ్చి తీరాలని చట్టం లేదు, అది నిజం. కానీ ఇస్తామన్న సేవ ఇవ్వకపోతే ఆ ముద్ర జిమ్‌ను కాపాడదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సేవకు తీసుకున్న డబ్బు తిరిగివ్వకపోవడం, బిల్లు ఇవ్వకపోవడం రెండూ అనుచిత వ్యాపార పద్ధతులే. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తేలకపోతే మీరుండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ల లోపు కేసు వేయొచ్చు. ఐదు లక్షల లోపు వాటికి ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు.

ఆ మేడం దగ్గరికొస్తాను. లేడీస్ బ్యాచ్‌కు లేడీ ట్రైనర్ ఉంటారని చెప్పి కట్టించుకున్నారట. ఆదివారం ఫోన్ చేస్తే వచ్చే నెల వస్తారని అన్నారట. అంతే కావాల్సింది. "ఇదే రాయండి" అని అక్కడే బల్ల మీద కూర్చోబెట్టాను. శనివారం కట్టాను, ఒక్కరోజూ వాడలేదు, లేడీ ట్రైనర్ ఉన్నారని చెప్పారు, లేరు, రద్దు చేసి డబ్బు పంపండి. నాలుగు ముక్కలు. మేనేజర్‌కు వాట్సాప్‌లో పంపి, రసీదు ఫొటో కూడా జత చేశారు. ఫోన్‌లో మాట్లాడొద్దని, ఏం చెప్పినా మెసేజ్ పెట్టమనండి అని చెప్పి పంపించాను.

నిన్న సాయంత్రం ఆవిడ ఫోన్ చేశారు. ఒక నెల ఫీజు పట్టుకొని మిగతాది పది రోజుల్లో వేస్తామన్నారట. అదీ రాసి పంపమని అడగమన్నాను. "అడిగేశాను అన్నా, మెసేజ్ వచ్చింది. ఇంట్లో కూడా చెప్పేశాను" అన్నారు.