పాత ఇంజిన్‌లో ఆయిల్ లీక్: చుక్క వచ్చిన దారి

కారు కింద నల్లటి మరక కనిపించగానే చాలామంది వంగి, మరకకు సూటిగా పైన ఏముందో చూస్తారు. అక్కడ ఆయిల్ ఛాంబర్, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలవ ఉండే తొట్టి, తడిగా ఉంటుంది కాబట్టి ఛాంబర్ ప్యాకింగ్ (అతుకులో ఆయిల్ కారకుండా పెట్టే పట్టీ) పోయిందని తేల్చేస్తారు. దాన్ని మార్చిన కొద్ది రోజులకే మళ్లీ అదే చోట అదే మరక. ఇందులో వింతేమీ లేదు. ఇంజిన్‌లో అన్నిటికన్నా కింద ఉండేది ఛాంబరే. పైన ఎక్కడ కారినా ఆయిల్ చివరికి చేరేది అక్కడికే.

చిన్న పాత ఇంజిన్లకు మంచి ఉదాహరణ బ్రిటిష్ ఎ-సిరీస్. 1951లో ఆస్టిన్ ఎ30 కారులో 803 సీసీతో మొదలై, తర్వాత మోరిస్ మైనర్‌లోకి, 1959లో మినీలోకి వెళ్లింది. ఇనుప బ్లాకు గట్టిదే. కానీ దానికి పైన రాకర్ కవర్, చాలా రకాల్లో పక్కన టాపెట్ మూతలు, ముందు టైమింగ్ కవర్, కింద ఛాంబర్, ఇవి కాక ఫ్యూయల్ పంపు, డిస్ట్రిబ్యూటర్, ఫిల్టర్, ప్రెషర్ స్విచ్ బిగించి ఉంటాయి. ప్రతి అతుకూ ఆయిల్ బయటపడటానికి ఒక అవకాశమే. మూతల్లో చాలావరకు పల్చటి రేకు. అరవయ్యేళ్లలో వాటిని ఎన్ని చేతులు విప్పి బిగించాయో ఎవరికీ లెక్క తెలియదు.

ఆయిల్ మనల్ని ఎంత తేలిగ్గా మోసం చేస్తుందో చూడండి. అది లోహాన్ని అంటిపెట్టుకుని పల్చటి పొరలా పాకుతుంది. ఒక్క మిల్లీలీటరు ఆయిల్ 0.01 మి.మీ. మందం పొరగా పరుచుకుంటే 1,000 చదరపు సెం.మీ. తడుస్తుంది. అంటే చిన్న ఇంజిన్ పక్కభాగంలో చాలా మేర. దానికి తోడు ఫ్యాన్ గాలి, కారు పరుగులో ఎదురుగాలి కలిసి ఆయిల్‌ను వెనక్కి నెడతాయి. ముందున్న టైమింగ్ కవర్ దగ్గర చెమర్చిన ఆయిల్ వెనకున్న బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పి ఉండే గుల్ల) దగ్గర చుక్కగా రాలవచ్చు. పైగా వేడికి ఆయిల్ బాగా పల్చబడుతుంది. 20డబ్ల్యూ-50 రకం ఆయిల్ చిక్కదనం 40 డిగ్రీల దగ్గర ఉన్నదానితో పోలిస్తే 100 డిగ్రీల దగ్గర ఎనిమిదో వంతుకో, అంతకన్నా తక్కువకో పడిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు పొడిగా కనిపించే అతుకు వేడెక్కగానే కారడం అందుకే.

అసలు ఆయిల్ బయటికి ఎందుకు రావాలి? సందు ఒక్కటే ఉంటే చాలదు, వెనక నుంచి నెట్టేది కూడా ఉండాలి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు పంపు నుంచి బేరింగులకు వెళ్లే దారుల్లో ఒత్తిడి 3-4 బార్ల దాకా ఉంటుంది. ప్రెషర్ స్విచ్, ఫిల్టర్ సీలు, గేజికి వెళ్లే సన్నటి పైపు, ఇవన్నీ ఆ దారి మీద ఉన్నవే. వీటిలో ఏది తప్పినా ఆయిల్ చిమ్ముతుంది, కాసేపట్లోనే ఛాంబర్ ఖాళీ కావచ్చు. ఇలాంటి లీకుతో ఇంకో నాలుగు కిలోమీటర్లు లాగుదామనుకోకూడదు. మిగతా మూతల వెనక మాత్రం ఆయిల్ చిందుతూ, జారుతూ ఉంటుందే తప్ప దాన్ని గట్టిగా నెట్టేదేమీ ఉండదు. ఉండకూడదు కూడా.

మరి ఉంటే? నా దృష్టిలో లీకుల వేట మొదలుపెట్టాల్సింది ఇక్కడే. ఏ ప్యాకింగ్ మీదా చెయ్యి వేయకముందే బ్రీదర్ చూడాలి. పిస్టన్ రింగులు ఎంత కొత్తవైనా మండిన వాయువు కొంత వాటిని దాటి కిందికి, ఇంజిన్ ప్రధాన ఇరుసైన క్రాంక్ షాఫ్టు తిరిగే క్రాంక్ కేసులోకి దిగుతుంది. అది బయటపడటానికే బ్రీదర్ ఉంది. పాత కార్లలో అది కిందికి తెరుచుకున్న మామూలు గొట్టం. 1960ల నుంచి ఆ వాయువును ఒక వాల్వు ద్వారా మళ్లీ ఇంజిన్‌లోకే పీల్చుకునే పద్ధతి వచ్చింది. గొట్టంలోనో, దాని మొదట్లో ఉండే తీగల వలలోనో మడ్డి పేరుకుంటే, వాల్వులోని రబ్బరు పొర చిరిగితే, ఆయిల్ పోసే చోట ఉండే గాలి ఆడే మూత తీసేసి గాలి ఆడని మెరిసే కొత్త మూత పెడితే, లోపల ఒత్తిడి పెరుగుతుంది.

ఆ ఒత్తిడి అంకెల్లో చాలా చిన్నది. కానీ ఒక్క కిలోపాస్కల్ అంటే ప్యాకింగ్ వెనక దాదాపు 12 సెం.మీ. ఎత్తున ఆయిల్ నిలబెట్టినట్టే. చిందులు ఆపడానికే చేసిన ప్యాకింగ్‌కు అది ఎక్కువే. అందుకే ఇలాంటి ఇంజిన్ ఒకేసారి నాలుగైదు చోట్ల చెమరుస్తుంది. అన్నీ ఒకేసారి పాడయ్యాయని జనం టెన్షన్ పడతారు, పాడైంది మాత్రం ఒక్క గొట్టం.

పరీక్ష తేలికే. పారదర్శకమైన సన్నటి ప్లాస్టిక్ గొట్టాన్ని ‘యు’ ఆకారంలో వంచి, అందులో కొంచెం నీళ్లు పోసి, ఒక కొసను డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) రంధ్రానికి గాలి పోకుండా బిగించాలి. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు రెండు వైపులా నీటి మట్టం దాదాపు సమానంగా ఉండాలి. పీల్చుకునే వాల్వు ఉన్న ఇంజిన్‌లో నీళ్లు కొద్దిగా లోపలి వైపుకు లేస్తాయి. బయటి వైపు చాలా సెంటీమీటర్లు లేస్తే బ్రీదర్ మూసుకుపోయిందన్నా అనుకోవాలి, రింగులు అరిగాయన్నా అనుకోవాలి. బ్రీదర్ పైపు ఊడదీయగానే మట్టం దిగితే తప్పు పైపుదే. ఊడదీసినా అక్కడి నుంచి గుప్పుగుప్పున పొగ వస్తుంటే కంప్రెషన్ పరీక్ష (సిలిండర్లలో ఒత్తిడి ఎంత నిలుస్తోందో కొలవడం) చేయించాల్సిందే. రింగులు పోయిన ఇంజిన్‌కు ఎంత ఖరీదైన ప్యాకింగ్ వేసినా దండగ.

ఒత్తిడి సంగతి తేలాక ఇంజిన్ కడగాలి. డిస్ట్రిబ్యూటర్‌కు, కార్బ్యురేటర్‌కు కవరు చుట్టి, డీగ్రీజర్‌తో జిడ్డంతా వదలగొట్టి, బాగా ఆరనివ్వాలి. ఈ పని బద్ధకించినవాళ్లే ఎక్కువగా తప్పు ప్యాకింగ్ మారుస్తారు. అనుమానం ఉన్న అతుకుల మీద టాల్కమ్ పొడి పల్చగా చల్లి ఇంజిన్‌ను వేడెక్కనిస్తే, ఆయిల్ మొదట తగిలిన చోట పొడి నల్లబడుతుంది. అలా తేలకపోతే ఆయిల్‌లో ఫ్లోరసెంట్ రంగు కలిపి, కొంత దూరం నడిపి, చీకట్లో అతినీలలోహిత దీపం వేసి చూడాలి. దారి పసుపుపచ్చగా వెలుగుతుంది. ఆ దారి పట్టుకుని పైకి, ముందుకు వెళ్లాలి. తడి ఎక్కడ ఆగి పొడి లోహం మొదలవుతుందో ఆ హద్దే లీకు పుట్టిన చోటు. కారు కిందికి దూరేటప్పుడు మాత్రం జాకీని నమ్మకండి, గట్టి స్టాండ్లు పెట్టండి.

కారింది ఇంజిన్ ఆయిలేనా అన్నది కూడా చూసుకోవాలి. గేర్ ఆయిల్‌కు గంధకపు ఘాటు వాసన ఉంటుంది. మినీలో ఈ తేడా దొరకదు, ఎందుకంటే దాని ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ ఆయిల్ ఒకటే.

దోషి చాలాసార్లు రాకర్ కవరే. దాని ప్యాకింగ్ సాధారణంగా కార్క్. బాటిల్ బిరడాల్లో చూస్తాం కదా, కార్క్‌ను నొక్కితే పక్కలకు దాదాపు ఉబ్బదు, లోపలి గాలి గదులు ముడుచుకుంటాయి. రబ్బరు అలా కాదు, నొక్కిన మేర పక్కకు పొంగుతుంది. కార్క్ లోపమల్లా ఏళ్ల తరబడి వేడిలో ఎండి, కుంచించుకుపోయి, మళ్లీ లేవకపోవడం. కారుతోంది కదా అని నట్టు ఇంకో చుట్టు తిప్పడం మన చేతికి బాగా అలవాటు. రేకు కవరు బోల్టు దగ్గర లోపలికి కుంగుతుంది, రెండు బోల్టుల మధ్య పైకి లేస్తుంది, లీకు పెరుగుతుంది. కొత్త ప్యాకింగ్ వేసేముందు కవరు అంచును చదునైన దిమ్మ మీద పెట్టి చిన్న సుత్తితో సరిచేయాలి. ఛాంబర్ అంచుకూ ఇదే వైద్యం. తర్వాత మాన్యువల్‌లో చెప్పిన కొద్దిపాటి బిగింపు చాలు. సిలికాన్ పేస్టు ధారాళంగా పూయడం నాకు అసలు నచ్చదు. బయటికి పొంగింది కనిపిస్తుంది, లోపలికి పొంగింది తెగిపడి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడుతుంది.

పాత ప్యాకింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. పొడిగా గీకి దుమ్ము రేపకుండా తడిపి తీయాలి. డ్రెయిన్ ప్లగ్ (పాత ఆయిల్ దించే బిరడా) కింది రాగి వాషర్ వాడేకొద్దీ గట్టిపడుతుంది. ఎర్రగా కాల్చి చల్లారిస్తే మళ్లీ మెత్తబడుతుంది, కానీ కొత్తది వేసుకోవడమే సుఖం.

తిరిగే షాఫ్టుల దగ్గర కథ వేరు. అక్కడ ఆయిల్‌ను ఆపే రబ్బరు కట్టు, అంటే ఆయిల్ సీల్, పెదవి షాఫ్టును పొడిగా రాసుకోదు. వాటి మధ్య అతి పల్చటి ఆయిల్ పొర ఉంటుంది, అది లేకపోతే పెదవి మాడిపోతుంది. వేడికి రబ్బరు గట్టిపడి పగిలినా, షాఫ్టు మీద గాడి పడినా ఆయిల్ దాటుతుంది. గాడి గోటికి తగులుతుంటే కొత్త సీల్ కూడా ఎన్నాళ్లో నిలవదు. సన్నటి ఉక్కు తొడుగు ఎక్కించడమో, సీల్‌ను కొంచెం జరిపి కూర్చోబెట్టడమో చేయాలి. ఎ-సిరీస్ టైమింగ్ కవర్‌కు ఇంకో చిక్కుంది. బోల్టులు బిగించకముందే పుల్లీని తొడిగి కవర్‌ను మధ్యకు సర్దాలి. లేకపోతే సీల్ ఒక పక్కే నలిగి కారుతుంది.

వెనకవైపు, మైనర్ లాంటి కార్లలోని ఎ-సిరీస్‌కు అసలు రబ్బరు సీలే లేదు. క్రాంక్ షాఫ్టు మీద మరలాంటి గాడి చెక్కి ఉంటుంది, తిరుగుతున్నంతసేపూ అది ఆయిల్‌ను లోపలికి తోడుతుంది. ఇంజిన్ ఆగాక ఆ తోడటం ఆగిపోతుంది కాబట్టి ఒకటి రెండు చుక్కలు రావడం మామూలే. దానికోసం ఇంజిన్ దించడం నేను సలహా ఇవ్వను. క్లచ్ జారుతుంటేనో, అదురుతుంటేనో అప్పుడు ఆలోచించాలి. ఇలాంటి చాలా పాత కార్లలో బెల్ హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం, అందులో వదులుగా కదిలే స్ప్లిట్ పిన్ కనిపిస్తాయి. మురికితో రంధ్రం పూడిపోకుండా ఆ పిన్ పెట్టారు. చుక్కలు ఆపుదామని దాన్ని పీకి రంధ్రం మూసేస్తే ఆయిల్ బయటికి పోలేక లోపలే చేరి, క్లచ్ ప్లేటును తడుపుతుంది.