చిన్న ఎలక్ట్రిక్ బోటుకు తేలికపాటి బ్యాటరీ: అపోహలు - వాస్తవాలు

చిన్న బోట్లకు మోటార్లు, బ్యాటరీలు బిగించడం నా పని. ఎవరైనా ముందుగా అడిగేది "బరువెంత?" అనే. అడగాల్సిన ప్రశ్నే, కానీ అదొక్కటే చూసి కొంటే నీళ్ల మధ్యలో తిప్పలు తప్పవు.

అపోహ: 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు, అంటే బ్యాటరీ సామర్థ్యం) అని ఉంటే ఏ బ్యాటరీ అయినా ఒకటే.

వాస్తవం: లెడ్ యాసిడ్ మీద రాసేది మామూలుగా 20 గంటల లెక్క. అంటే 5 ఆంపియర్ల చొప్పున మెల్లగా వాడితే వచ్చేది. బోటు మోటారు 40, 50 ఆంపియర్లు లాగితే అంత రాదు. పైగా రోజూ సగానికి మించి ఖాళీ చేస్తే అది త్వరగా పాడవుతుంది. బరువు చూస్తే 30 కిలోలకు అటూ ఇటూ. అదే 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్, అంటే ఎల్‌ఎఫ్‌పీ, 10 నుంచి 13 కిలోలుంటుంది, 80 శాతం దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు. 12.8 వోల్టులను 100తో గుణిస్తే 1,280 వాట్-అవర్లు. అందులో 80 శాతం వాడితే 500 వాట్ల మోటారు రెండు గంటలు నడుస్తుంది.

అపోహ: వోల్టేజీ సరిపోతే చాలు, ఎంత తేలికైతే అంత మంచిది.

వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మొదట్లో ఒక బోటుకు 30 ఆంపియర్ల బీఎంఎస్ (కరెంటు హద్దు దాటితే బ్యాటరీని ఆపేసే రక్షణ సర్క్యూట్) ఉన్న చిన్న ప్యాక్ బిగించాను. మోటారేమో ఫుల్ థ్రాటిల్‌లో 50 లాగుతుంది. గాలి లేనప్పుడు సగం థ్రాటిల్‌లో ట్రయల్ బ్రహ్మాండంగా సాగింది. తిరిగి వస్తుంటే ఎదురుగాలి మొదలైంది. థ్రాటిల్ పూర్తిగా తిప్పామో లేదో, మోటారు టక్కున ఆగిపోయింది. తెడ్లు వేసుకుంటూ ఒడ్డుకు చేరాం. బ్యాటరీ బాగానే ఉంది, బీఎంఎస్ తన పని తాను చేసింది. తప్పు నా ఎంపికది. అందుకే బ్యాటరీ నిరంతరంగా ఇవ్వగల కరెంటు ఎంతో లేబుల్ మీద చూడండి. అది మోటారు గరిష్ఠ కరెంటు కంటే కనీసం పావు వంతు ఎక్కువ ఉండాలి. "పీక్" అని రాసేది కొన్ని సెకన్ల ముచ్చటే.

అపోహ: లిథియం అంటే అంటుకుంటుంది.

వాస్తవం: అన్ని లిథియంలూ ఒకటి కావు. ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ ఉండే లిథియం రకం) ఇంకా తేలిక, కానీ వేడెక్కితే త్వరగా అదుపు తప్పుతుంది. మనుషులు కూర్చునే సీటు కింద నేను ఎల్‌ఎఫ్‌పీ తప్ప పెట్టను. నేను చూసిన కాలిన గుర్తులు చాలావరకు టెర్మినళ్ల దగ్గరే: వదులైన నట్టు, నల్లబడ్డ లగ్గు (కేబుల్ చివరి లోహపు ముక్క), మెత్తబడిన కేబుల్ తొడుగు, ఉప్పునీటికి రాగి మీద పట్టిన పచ్చటి చిలుము. పాజిటివ్ టెర్మినల్‌కు ఆనుకునే ఫ్యూజ్ వేయండి.

అపోహ: వోల్ట్ మీటరు చూస్తే ఎంత మిగిలిందో తెలుస్తుంది.

వాస్తవం: ఎల్‌ఎఫ్‌పీలో చాలాసేపు వోల్టేజీ పెద్దగా కదలదు, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. షంట్ (వచ్చే, పోయే కరెంటును కొలిచే భాగం) ఉన్న మీటరు పెట్టించుకోండి.

అపోహ: ఎక్కువ దూరం వెళ్లాలంటే ఇంకో బ్యాటరీ కొనాల్సిందే.

వాస్తవం: నీటిని చీల్చుకుంటూ వెళ్లే మామూలు పడవలో వేగాన్ని ఐదో వంతు తగ్గిస్తే పవర్ దాదాపు సగానికి తగ్గుతుంది. రెండో బ్యాటరీ కొనేముందు ఒక రోజు అలా నడిపి, మీటరులో ఆంపియర్లు చూడండి.