థీసిస్‌లో సైటేషన్ ప్లగిన్: అపోహలు - వాస్తవాలు

కడపలో డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. యోగివేమన విశ్వవిద్యాలయం పరిశోధక విద్యార్థులు థీసిస్ ఇచ్చే గడువు దగ్గరపడ్డాక పెన్‌డ్రైవ్ పట్టుకొని టెన్షన్‌తో వస్తారు. చదివిన పుస్తకాల వివరాలు దాచుకొని, వర్డ్‌లో ప్లగిన్ (అదనంగా చేరే చిన్న ప్రోగ్రామ్) ద్వారా సైటేషన్లు, అంటే ఆధారాల ప్రస్తావనలు, చివర గ్రంథసూచి వేసిపెట్టే జొటెరో సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు పెరిగారు, సంతోషమే. దాని మీద అపోహలూ అంతే ఉన్నాయి.

అపోహ: వర్డ్‌లో జొటెరో ట్యాబ్ కనబడకపోతే అన్నీ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి.
వాస్తవం: అక్కర్లేదు. వర్డ్ మూసేసి, జొటెరో సెట్టింగ్స్‌లో సైట్ (Cite) విభాగానికి వెళ్లి, వర్డ్ ప్లగిన్ ఒక్కటే రీఇన్‌స్టాల్ చేస్తే చాలాసార్లు సరిపోతుంది.

అపోహ: గ్రంథసూచిలో తప్పుంటే అక్కడికక్కడ చేత్తో దిద్దుకోవచ్చు.
వాస్తవం: ఈ మధ్య ఒక మేడమ్ అలాగే దిద్దుకొని తెచ్చారు. రిఫ్రెష్ నొక్కగానే నాలుగు పేజీల దిద్దుబాట్లు పోయాయి. పాపం, ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పేజీలు ప్లగిన్ రాసేవి. రిఫ్రెష్ చేసిన ప్రతిసారీ జొటెరోలో ఉన్నదాన్నే మళ్లీ తెచ్చి పెడుతుంది. కాబట్టి దిద్దాల్సింది జొటెరోలోనే.

ఆమెకు వచ్చిన చిక్కు మన పేర్లది. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. వెబ్ నుంచి తెచ్చుకున్న వివరాల్లో చివరి మాటే ఇంటిపేరుగా పడుతుంది. దాంతో శర్మలందరూ ‘శ’ కింద, రెడ్లందరూ ‘ర’ కింద చేరిపోయారు. రచయిత పేరును రెండు గడుల్లో కాకుండా ఒకే గడిలోకి మార్చి, ఇంటిపేరుతో మొదలుపెట్టి రాస్తే కామా లేకుండా మన పద్ధతిలోనే వస్తుంది. అయితే వాక్యం మధ్యలో బ్రాకెట్లో పేరు, సంవత్సరం ఇచ్చే సైటేషన్‌లో కూడా పూర్తి పేరే పడుతుంది. ఫుట్‌నోట్లు వాడే తెలుగు థీసిస్‌కు ఇబ్బంది లేదు.

అపోహ: డీటీపీలో వాడే పాత అను ఫాంట్ అయినా, ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే యూనికోడ్ అయినా ఒకటే.
వాస్తవం: అను ఫాంట్ ఇంగ్లీషు అక్షరాల కోడ్‌ల మీదే తెలుగు బొమ్మలు చూపిస్తుంది. అధ్యాయం మొత్తానికి అను పెడితే ఇంగ్లీషు పుస్తకాల పేర్లు అర్థంలేని తెలుగు ముక్కలవుతాయి. జొటెరోలో అను టైపింగ్ పెడితే అక్షర క్రమమూ దెబ్బతింటుంది. యూనికోడ్‌లోనే కొట్టండి.

అపోహ: పేజీలు కట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చాక కూడా సైటేషన్లు వాటంతటవే మారతాయి.
వాస్తవం: మారవు. జొటెరోకు వర్డ్, లిబ్రెఆఫీస్, గూగుల్ డాక్స్ ప్లగిన్లున్నాయి గానీ ఇన్‌డిజైన్‌కు లేదు. అక్కడికి వచ్చేసరికి అవి మామూలు అక్షరాలే. గైడ్ గారు చెప్పిన కరెక్షన్లన్నీ వర్డ్‌లోనే పూర్తిచేయండి. తర్వాత ఫైలుకు కాపీ తీసి, ఆ కాపీలో మాత్రమే అన్‌లింక్ సైటేషన్స్ (జొటెరోతో లింకు తెంచే బటన్) నొక్కి పేజ్‌మేకింగ్‌కు ఇవ్వండి. అసలు ఫైలును ముట్టుకోవద్దు.

అపోహ: మీ జొటెరో లైబ్రరీ (అందులో దాచుకున్న పుస్తకాల వివరాలు) లేని కంప్యూటర్లో థీసిస్ ఫైలు తెరిస్తే సైటేషన్లు పోతాయి.
వాస్తవం: పోవు. వివరాలు ఫైలులోనే దాగి ఉంటాయి, జొటెరో ఉన్న కంప్యూటరైతే స్టైల్ (సైటేషన్ రాసే పద్ధతి) కూడా మార్చుకోవచ్చు. కానీ ఇంటిపేర్ల లాంటి తప్పులు దిద్దాలంటే మీ లైబ్రరీ కావాలి. అందుకే పెన్‌డ్రైవ్‌తో పాటు ల్యాప్‌టాప్ కూడా తెమ్మంటాను.