పరుగు రోజు పొద్దున్నే నొప్పి మాత్ర వేసుకోవచ్చా? రన్నర్లు, మందులు: అపోహలు - వాస్తవాలు

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ దగ్గర పడుతోందంటే మందుల షాపు కౌంటర్ దగ్గర వినపడే మాట ఒకటే: "ఆదివారం 21 కె (21 కిలోమీటర్ల పరుగు) ఉందండీ, మోకాలు కాస్త పట్టేసింది. పొద్దున్నే ఒక కాంబిఫ్లామ్ వేసుకుంటే సరిపోతుందిగా?" అడిగేవాళ్లను తప్పుపట్టలేం. నెలల తరబడి తెల్లవారుజామున లేచి ప్రాక్టీస్ చేశాక చివరి వారంలో నొప్పి వస్తే ఎవరికైనా గుబులే. తప్పంతా "ముందే వేసేసుకో, నొప్పి తెలీదు" అని వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే సలహాది.

అపోహ: పరుగుకు ముందు నొప్పి మాత్ర వేసుకుంటే మహా అయితే కడుపులో మంట పుడుతుంది, అంతే.

వాస్తవం: అసలు దెబ్బ కిడ్నీకి. పరిగెడుతున్నంతసేపూ రక్తం కాళ్ల కండరాలకీ చర్మానికీ మళ్లుతుంది, కిడ్నీల వాటా తగ్గిపోతుంది. చెమటతో ఒంట్లో నీరూ తగ్గుతుంది. అప్పుడు కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నటి నాళాలు ముడుచుకుపోకుండా కాపాడేవి ఒంట్లోనే తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్ చేసేదే ఆ ప్రోస్టాగ్లాండిన్లను తయారు కానివ్వకపోవడం. నొప్పి తగ్గేదీ అందుకే, కిడ్నీకి రక్తం అందనిదీ అందుకే.

2017లో అచ్చయిన ఒక అధ్యయనంలో 80 కిలోమీటర్లు పరిగెత్తిన 89 మందిలో కొందరికి నాలుగు గంటలకోసారి 400 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్, మిగతావాళ్లకు మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చారు. కిడ్నీ దెబ్బతిన్న లక్షణాలు ఐబుప్రొఫెన్ వాళ్లలో 52 శాతం మందికి, ఉత్తి మాత్ర వాళ్లలో 34 శాతం మందికి కనిపించాయి. మందు లేకుండానే ఆ దూరం కిడ్నీకి ఎంత భారమో రెండో అంకె చెబుతోంది. 21 కె అంత దూరం కాదు, నిజమే. కానీ ఉక్కపోత, ముందురోజు విరేచనాలు, చాలీచాలని నీళ్లు తోడైతే చిన్న దూరం కూడా కిడ్నీకి పెద్దదే అవుతుంది.

"నీళ్లు దండిగా తాగితే సరి" అన్నదీ తప్పే. ఈ మాత్రలు నీటిని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతాయి. దాహం లేకున్నా ప్రతి వాటర్ స్టాల్ దగ్గరా గటగటా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం, మాట తడబడటం కనిపిస్తే ఇంకా నీళ్లు పట్టించకండి. వెంటనే మెడికల్ టెంట్‌కు తీసుకెళ్లండి.

బీపీ ఉన్నవాళ్లకు ఇంకో చిక్కుంది. టెల్మా-హెచ్ లాంటి మాత్రలో రెండు మందులుంటాయి. టెల్మిసార్టాన్ కిడ్నీ వడపోత దగ్గర పీడనం తగ్గిస్తుంది, హైడ్రోక్లోరోథయజైడ్ ఉప్పునూ నీటినీ బయటికి పంపుతుంది. దానిమీద నొప్పి మాత్ర పడితే మూడువైపులా కిడ్నీని నొక్కినట్టే. అలాగని బీపీ మాత్ర సొంతంగా మానేయకండి. మానాల్సింది నొప్పి మాత్రే.

స్ట్రిప్పు వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రొఫెన్ 400, పారాసిటమాల్ 325 ఉంటాయి. జీరోడాల్-పిలో ఎసిక్లోఫెనాక్ 100, పారాసిటమాల్ 325. "పారాసిటమాలే కదా" అని పొరబడేది ఇక్కడే. ఐబుప్రొఫెన్ అయితే పరుగుకు కనీసం 24 గంటల ముందే ఆపండి. నాప్రోక్సెన్ ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది, దానికి రెండు మూడు రోజులు. పరుగయ్యాక కూడా తిని, తాగి, మూత్రం లేత పసుపు రంగులో వచ్చేదాకా వీటి జోలికి పోవద్దు. నొప్పి ఆగకపోతే ఉత్త పారాసిటమాల్ 500 గానీ 650 గానీ ఒకటి వేసుకోండి. మళ్లీ కావాలంటే ఆరు గంటలు ఆగాలి. ఆ రోజు మందు పార్టీ వద్దు, లివర్‌కు మంచిది కాదు. మూత్రం డికాక్షన్ రంగులో వస్తే మాత్రం ఇంట్లో కూర్చోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. మాత్ర లేనిదే మొదలుపెట్టలేనంత నొప్పి ఉంటే ఆ పరుగు వదులుకోండి.

అపోహ: మోషన్స్‌కు రెండు రోజులు యాంటీబయాటిక్ వేసుకుంటే పరుగుకు ఇబ్బంది లేదు.

వాస్తవం: షాపులో అడిగి తెచ్చుకునే ఓ2 అనే మాత్రలో ఆఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంటుంది. అదీ, సిప్రోఫ్లోక్సాసిన్, లెవోఫ్లోక్సాసిన్ ఒకే జాతి. మడమ వెనక తాడులా చేతికి తగిలే టెండన్ (అందరూ నరం అంటారు) వీటివల్ల వాయవచ్చు, అరుదుగా తెగవచ్చు కూడా. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే మందు సమాచార పత్రంలో చుట్టూ గీత గీసిన గడిలో అచ్చు వేయించి మరీ హెచ్చరించింది. మందు ఆపిన కొన్ని నెలలకు కూడా ఇది జరగొచ్చు. 60 దాటినవాళ్లకు, స్టెరాయిడ్ వాడేవాళ్లకు ముప్పు ఎక్కువ. మడమ పైన నొప్పి మొదలైతే పరుగు ఆపి, మందు మార్చమని డాక్టర్‌ను అడగండి. మామూలు విరేచనాలు చాలావరకు ఓఆర్‌ఎస్‌తోనే సర్దుకుంటాయి.

అపోహ: కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటే పరుగు మానేయాలి.

వాస్తవం: రెండూ మానక్కర్లేదు. మాత్ర పడట్లేదని మానేసినవాళ్ల మీద చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. స్టాటిన్‌తో (కొలెస్ట్రాల్ మాత్రతో) వచ్చిన బాధల్లో 90 శాతం ఉత్తి మాత్రతోనూ వచ్చాయి. గట్టిగా పరిగెత్తిన మర్నాడు సీకే పరీక్ష (కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే రక్తపరీక్ష) చేయిస్తే ఎవరికైనా ఎక్కువే చూపిస్తుంది. వారం రోజులు గట్టి పరుగులు ఆపి చేయించండి.

మిగతావి క్లుప్తంగా. బీపీకి, గుండెకు ఇచ్చే మెటోప్రోలాల్, అటెనోలాల్ వాడేవాళ్లకు గుండె వేగం మందువల్లే అంతగా పెరగదు. గుండె గరిష్ఠ వేగానికి 220లోంచి వయసు తీసేసే లెక్క, వాచీలో చూపే గుండె వేగం జోన్లు పక్కనపెట్టి, మాట్లాడుతూ పరిగెత్తగలుగుతున్నారా అన్నది చూసుకోండి. షుగర్‌కు గ్లిమెపిరైడ్ మాత్ర, ఇన్సులిన్ వాడేవాళ్లకు దారిలో షుగర్ పడిపోవచ్చు, జేబులో గ్లూకోజ్ ఉండాలి. పరిగెత్తబోయే ముందు తొడకు ఇన్సులిన్ చేసుకోవద్దు, కండరం కదిలేకొద్దీ తొందరగా ఎక్కేస్తుంది. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ చెమటను తగ్గిస్తుంది, ఎండలో ఒళ్లు చల్లబడదు.

వాడే మందుల పేర్లు, మోతాదులు బిబ్ (ఛాతీకి తగిలించుకునే నంబర్ కాగితం) వెనక పెన్నుతో రాసి పెట్టుకోండి. పడిపోయినవాళ్లను తెచ్చినప్పుడు మెడికల్ టెంట్లో ముందుగా వెతికేది అదే.