జీతం లేదుగా, టూరిస్ట్ వీసా చాలదా? విదేశీ వాలంటీరింగ్‌పై అపోహలు - వాస్తవాలు

సెమిస్టర్ ఎగ్జామ్స్ దగ్గరపడ్డాయంటే నా వాట్సాప్‌లో ఒకటే ప్రశ్న. “అక్కా, మేం ఆరుగురం ఫ్రెండ్స్ కలిసి థాయ్‌లాండ్ వెళ్తున్నాం. అక్కడి స్కూల్లో పిల్లలకి ఇంగ్లిష్ చెప్తాం. జీతమేమీ ఇవ్వరు. టూరిస్ట్‌లుగానే వెళ్లొచ్చు కదా?” దేశం పేరు మారుతుంది గానీ ప్రశ్న మారదు. స్టూడెంట్ గ్రూపులను బయటి దేశాలకు పంపే పనిలో ఉన్నదాన్ని కాబట్టి జవాబు నాకు నోటికి వచ్చేసింది. ఇకమీద అడిగినవాళ్లకి ఈ పోస్ట్ పంపేస్తాను.

అపోహ: డబ్బు తీసుకోకపోతే అది పని కిందికి రాదు

ఎక్కువసేపు దీని గురించే చెప్తాను. మిగతా అపోహల వల్ల కొంత డబ్బో, ఒక సెమిస్టరో పోతుంది. దీనివల్ల ముందు ముందు రావాల్సిన వీసాలు పోతాయి.

వాస్తవం: మన దృష్టిలో పని అంటే జీతం వచ్చేది. చాలా దేశాల ఇమిగ్రేషన్ వాళ్లకి జీతంతో సంబంధం లేదు. స్కూల్లో పాఠం చెప్పినా, గోడకి రంగు వేసినా, తాబేళ్ల గుడ్లకి కాపలా కాసినా పనే. థాయ్‌లాండ్‌లో వాలంటీర్‌గా చేయాలంటే నాన్ ఇమిగ్రెంట్ ‘ఓ’ వీసా కావాలి, దానికితోడు వర్క్ పర్మిట్ కావాలి. శ్రీలంక టూరిస్ట్ ఈటీఏ (ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రవేశ అనుమతి) మీద జీతం ఉన్న పనైనా, లేని పనైనా చేయకూడదు. బ్రిటన్ కాస్త నయం. విజిటర్‌గా వెళ్లినవాళ్లు అక్కడ రిజిస్టరైన ఛారిటీలో మొత్తం 30 రోజులకు మించకుండా వాలంటీరింగ్ చేయొచ్చు. అంతకంటే ఎక్కువైతే ఛారిటీ వర్కర్ వీసా తీసుకోవాలి. అది 12 నెలల దాకా ఇస్తారు, కాకపోతే లైసెన్సున్న స్పాన్సర్ ఉండాలి.

“మా కజిన్ అలాగే వెళ్లొచ్చాడు, ఏం కాలేదు” అంటారు. హెల్మెట్ లేకుండా అమీర్‌పేట దాకా వెళ్లొచ్చినవాడు కూడా అదే అంటాడు.

కొన్నేళ్ల కిందట గుంటూరు వైపు నుంచి ఒకాయన మా ఆఫీసుకు వచ్చారు. చేతిలో ఎల్ఐసీ కవర్, అందులో కొడుకు పాస్‌పోర్టు, టికెట్ల ప్రింటవుట్లు, ఎవరో ఇచ్చిన సర్టిఫికెట్ నమూనా కూడా. కొడుకు డిగ్రీ సెకండియర్. సెలవుల్లో ఒక గ్రూపుతో ఆగ్నేయాసియాలో ఒక దేశానికి బయల్దేరాడు. తీసుకెళ్లిన కోఆర్డినేటర్ “కౌంటర్ దగ్గర అడిగితే బీచ్ చూడ్డానికొచ్చాం అని చెప్పండి” అని గ్రూపులో మెసేజ్ పెట్టాడట. దిగిన చోట ఆఫీసర్‌కి అనుమానం వచ్చి ఒక్కొక్కరినీ విడిగా అడిగాడు. ఒకడు బీచ్ అన్నాడు, ఒకమ్మాయి గుళ్లు చూస్తాం అంది. బ్యాగులు తెరిస్తే అందరి దగ్గరా ఒకే నీలం టీషర్టు, వీపు మీద ‘వాలంటీర్ టీచర్’ అని ఇంతింత అక్షరాలు. ఈ అబ్బాయి ఫోన్‌లో డ్యూటీ చార్ట్ కూడా ఉంది: సోమవారం అక్షరాలు, మంగళవారం రంగులు, బుధవారం పాటలు. తర్వాతి ఫ్లైట్‌కే అందరినీ వెనక్కి పంపేశారు.

ఆ తండ్రి నన్ను పదే పదే అడిగింది ఒకటే. “అమ్మా, మావాడు దొంగతనానికి వెళ్లలేదు, పుణ్యానికి పాఠాలు చెప్పడానికి వెళ్లాడు. ఇదేం న్యాయం?” ఆయన బాధ నాకు అర్థమైంది. ఆ పిల్లాడి మనసులో కల్మషం లేదు. కానీ వాడిని తిప్పి పంపడానికి మొదటి కారణం కౌంటర్ దగ్గర చెప్పిన అబద్ధం. అది నేర్పించినవాడు మాత్రం తర్వాతి బ్యాచ్‌కి పోస్టర్లు వేసుకుంటూ ఉండి ఉంటాడు.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. మన పిల్లల్లో చాలామందికి డిగ్రీ అవగానే కెనడానో, యూకేనో. “ఏ దేశంలోనైనా మీకు వీసా నిరాకరించారా, ప్రవేశం నిరాకరించారా?” అని కెనడా దరఖాస్తులో అడుగుతారు. యూకే ఫారంలోనూ అలాంటి ప్రశ్నే. ఆ ట్రిప్ అక్కడ తేలుతుంది. దాచిపెట్టి దొరికితే తప్పుడు సమాచారం ఇచ్చినందుకు కెనడా 5 ఏళ్లు, మోసం కింద తేలితే యూకే 10 ఏళ్ల వరకు తలుపులు మూసేస్తాయి. ఈ అబ్బాయి చేత ‘అవును’ అని టిక్ పెట్టించి, జరిగింది జరిగినట్టు ఒక పేజీ లెటర్ రాయించి జతచేయించాను. వీసా వచ్చింది. ఈ గొడవలో ఒక ఇన్‌టేక్ (అడ్మిషన్ల విడత) మాత్రం దాటిపోయింది. ఇలాంటిది జరిగినవాళ్లు ఇది చదువుతుంటే టెన్షన్ పడకండి. ఒకసారి వెనక్కి పంపినంత మాత్రాన జీవితాంతం వీసా రాదనేమీ లేదు, దాచకుండా ఉంటే చాలు.

మరి సరిగ్గా వెళ్లేదెలా? డబ్బు కట్టకముందే అక్కడి సంస్థకి మెయిల్ పెట్టండి. మా గ్రూపుకు ఏ కేటగిరీ వీసా? దానికి కావాల్సిన లెటర్ మీరే ఇస్తారా? మీ రిజిస్ట్రేషన్ నంబర్ ఎంత? బ్రిటన్ ఛారిటీలైతే ఆ నంబర్‌ని ప్రభుత్వ రిజిస్టర్‌లో మీరే ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. జవాబు మెయిల్‌లో రావాలి. “డోంట్ వర్రీ, వియ్ విల్ మేనేజ్” అని వాయిస్ నోట్ వస్తే ఆ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి. వీసా దారి దొరకలేదా, నిజంగా టూరిస్టుల్లాగే వెళ్లండి. తిరగండి, తినండి, ఊళ్లో వాళ్లింట్లో డబ్బిచ్చి ఉండండి. అదేం తక్కువ ప్రయాణం కాదు.

అపోహ: కుర్రాళ్లు గ్రూపుగా బ్యాంకాక్ వెళ్తుంటే శంషాబాద్‌లోనే ఆపేస్తారట

వాస్తవం: ఆపేయరు, అడుగుతారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన పిల్లల్ని మయన్మార్, కంబోడియాలోని సైబర్ మోసాల అడ్డాలకు తరలించిన కేసులు మీకు తెలుసు. 2024లో విశాఖ కుర్రాళ్లు కంబోడియా నుంచి ఎలా బయటపడ్డారో పేపర్లలో చదివే ఉంటారు. అందుకే ఆ వైపు వెళ్లే యువకుల్ని రెండు ప్రశ్నలు ఎక్కువ వేస్తారు. అది మీ మంచికే. రిటర్న్ టికెట్, బస వివరాలు, కాలేజీ లెటర్, అక్కడ మిమ్మల్ని పిలిచినవాళ్ల ఫోన్ నంబర్ ఒక ఫైల్లో పెట్టుకోండి. ఆరుగురూ నిజమే చెప్తే ఆరు జవాబులూ ఒకేలా ఉంటాయి.

అపోహ: నేపాల్‌కి వీసా అక్కర్లేదు, అక్కడి అనాథాశ్రమంలో రెండు వారాలు చేస్తే మంచి పేరొస్తుంది

వాస్తవం: వీసా అక్కర్లేదన్నది నిజం, పెద్దవాళ్లకి ఓటరు కార్డున్నా చాలు. అనాథాశ్రమం మాటే నాకు నచ్చదు. ఇలాంటి చాలా ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యునిసెఫ్ ఎప్పటినుంచో మొత్తుకుంటోంది. వాలంటీర్లు, విరాళాలు వస్తాయని పల్లెల నుంచి పిల్లల్ని తెచ్చి పెట్టే వ్యాపారం నడుస్తుంది. ఆస్ట్రేలియా 2018లో దీన్ని ఆధునిక బానిసత్వం కింద గుర్తించింది. 2019లో ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ కూడా తీర్మానంలో ఈ సంగతి ప్రస్తావించింది. పైగా పదిహేను రోజులకొక కొత్త అక్కయ్య వచ్చి ఎత్తుకుని, సెల్ఫీ దిగి వెళ్లిపోతుంటే ఆ పసివాడి పరిస్థితేంటి? మా గ్రూపుల్ని నేను పంపను. ఎవరెంత ఇస్తామన్నా పంపను.

అపోహ: యూఎన్ వాలంటీర్‌గా సెలెక్ట్ అయ్యాను, రిజిస్ట్రేషన్ ఫీజు కడితే చాలు

వాస్తవం: యూఎన్ వాలంటీర్స్ ఎవరి దగ్గరా ఫీజు తీసుకోదు. తిరిగి వాళ్లే జీవన భత్యం ఇస్తారు. ఫీజు అడిగారంటే మోసం. చర్చ అనవసరం.

అపోహ: ఎన్ఈపీ (కొత్త జాతీయ విద్యా విధానం) వచ్చింది కదా, గ్యాప్ సెమిస్టర్ తీసుకుంటే కాలేజీ ఏమీ అనదు

వాస్తవం: మీ యూనివర్సిటీ రెగ్యులేషన్స్ పీడీఎఫ్ తెరిచి చూడండి. జేఎన్టీయూ వాళ్లకి 75 శాతం అటెండెన్స్ సంగతి నేను చెప్పక్కర్లేదు. 65కి పైన ఉంటే కండోనేషన్ (తగ్గిన అటెండెన్స్‌ని మన్నించడం) ఉంది గానీ అది అనారోగ్యం లాంటి కారణాలకి. వాలంటీర్ సర్టిఫికెట్ చూపిస్తే క్లర్క్ నవ్వుతాడు. సెమిస్టర్ మొత్తం వదిలేస్తే రీఅడ్మిషన్ తీసుకోవాలి. ఈలోగా రెగ్యులేషన్ మారిందంటే కొత్త సబ్జెక్టులు మెడకి చుట్టుకుంటాయి. ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, లేదా వేసవి సెలవుల్లో వెళ్లిరండి.

అమెరికాలో ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్న మన పిల్లలకి ఇంకో మాట. సెమిస్టర్ మానేసి నేపాల్‌కో పెరూకో వెళ్దామనుకుంటే ముందు డీఎస్‌ఓని (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే యూనివర్సిటీ అధికారిని) కలవండి. అనుమతితో విత్‌డ్రా అయితే దేశం వదలడానికి 15 రోజులే ఇస్తారు. 5 నెలలకు మించి బయట ఉంటే కొత్త ఐ-20 (స్టూడెంట్ వీసాకి యూనివర్సిటీ ఇచ్చే పత్రం) కావాలి, ఓపీటీకి (చదువుకి సంబంధించిన పని చేసేందుకు ఇచ్చే అనుమతికి) కావాల్సిన ఏడాది చదువు మళ్లీ మొదటి నుంచి లెక్కేస్తారు.

అపోహ: ఇంజెక్షన్లన్నీ తెల్లవాళ్లకే, మనకెందుకు

వాస్తవం: కెన్యా, ఉగాండా వెళ్లే గ్రూపులు ఇది తేలిగ్గా తీసుకుని ఇరుక్కుంటాయి. ఎల్లో ఫీవర్ ఉన్న దేశం నుంచి దాని టీకా సర్టిఫికెట్ లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే పట్టుకుని 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. టీకా వేసుకున్న 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. వీధి చివర క్లినిక్‌లో వేయించుకున్నది చెల్లదు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనే వేయించుకోవాలి. ఏ రోజుల్లో వేస్తున్నారో ముందు కనుక్కుని, పాస్‌పోర్టు పట్టుకుని గ్రూపంతా ఒకేసారి వెళ్లండి.